పుట్టు ఇంజన్ లేని పెళ్ళికారు

ఈ ఉదయం నుంచి రాజామణి పెళ్ళికారు కురచవుతోంది. తెల్లారేసరికి షెడ్డు నిండా ఉన్న బండి, హైమవతి వచ్చేసరికి ఎడ్లబండంత అయింది. లోపల స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న రాజామణి కూడా బండితో పాటే తగ్గి బడికెళ్ళే పిల్లంత ఉంది. ముఖం మాత్రం యాభై దాటిన మనిషిదే, కోపంతో సహా.

ఇందులో వింతేమీ లేదు. వెల తేలని వస్తువు ఈ ఊళ్ళో నిలవదు. ఇంత అని ఎవరో ఒకరు కట్టి సంతకం పెట్టాలి. పాత వెల గడువు చెల్లిపోయిన రోజు పొద్దు గుంకేలోగా కొత్త వెల పడకపోతే, ఆ వస్తువు తగ్గి తగ్గి కనపడకుండా పోతుంది. కిందటేడు పంచాయతీ వాళ్ళ రోడ్డు రోలరు అలాగే పోయింది. ఆఖర్న దాన్ని చీమలు మోసుకుపోయాయి.

పోనీ ఎక్కువ కడదామా అంటే అదో తంటా. సోడాకొట్టు తాతబ్బాయి తన మేడకి లేనిపోని వెల కట్టించుకున్నాడు. మేడ ఉబ్బి ఉబ్బి, పక్కవాళ్ళ వంటింట్లోకి గోడ తోసుకొచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకి నిలువునా పగిలింది. అందుకే కట్టే వెల నిజమై ఉండాలి. ఊళ్ళో బళ్ళకి నిజమైన వెల కట్టేది హైమవతి. ఆవిడ పట్టు ఉడుం పట్టు. మొహమాటానికి ఒక్క పైసా కలపదు, కోపానికి ఒక్క పైసా తగ్గించదు.

ఇవాళ ఆ బండిలో కూర్చున్నది సొంత వదిన.

"దిగు వదినా."

"దిగను."

"దిగకపోతే బండితో పాటు నువ్వూ పోతావే తల్లీ!"

"బండి పోయాక నేనుండి ఎక్కడ కూచోవాలి? నీ పని నువ్వు చూడు."

హైమవతి బండి చుట్టూ ఒకసారి తిరిగొస్తుంది. చీర కొంగు నడుముకి దోపుకుంటుంది. వదిన్ని పోనివ్వకూడదు, అబద్ధం రాయకూడదు. రెండూ ఒకేసారి ఎలాగో తనకింకా తెలియదు. తెలిసేదాకా కాఫీ అయినా తాగనని ఒట్టు పెట్టుకుంటుంది.

అది తిన్నటి రోడ్డు మీద పందేలు పరిగెత్తడానికి అమెరికాలో పుట్టిన బండి. ఎనిమిది సిలిండర్లు, పొడుగాటి ముక్కు, ఎడమవైపు స్టీరింగ్. కాకినాడ రేవులో దిగి, నలుగురి చేతులు మారి, హైమవతి అన్నయ్య చేతిలో పడింది. ఆయన దాని టాపు కోయించి, వెనక సింహాసనం లాంటి సీటు వేయించి, పెళ్ళికొడుకుల ఊరేగింపుకి పెట్టాడు. ముందు బ్యాండు మేళం, వెనక బండి. అంత బలం ఉన్న బండి పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ నడిచే మనిషిని దాటలేదు. అన్నయ్య పోయాక రాజామణి తోలుతోంది. కోనసీమలో ఆవిడ ఊరేగించని పెళ్ళికొడుకంటే, అయితే లేచిపోయి పెళ్ళి చేసుకున్నవాడు, లేకపోతే పిసినారి.

హైమవతి వంగి బానెట్ ఎత్తుతుంది. ఇంజన్ మీది ఇత్తడి పలక తుడిచి నంబరు చదువుతుంది. ఛాసిస్ మీది నంబరుతో అంకె అంకె సరిపోతుంది. ప్రాణం కుదుటపడుతుంది. పుట్టినప్పటి ఇంజన్ ఉన్న బండికి వెల కట్టడం ఎంతసేపు? కలం మూత తీస్తూ, అలవాటు కొద్దీ పలకని గోరుతో ఒకసారి తడుతుంది.

పలక ఊగుతుంది. అది బిగించినది కాదు, పసుపుతాడుతో కట్టినది. దాని కింద ఇనుములోనే పోత పోసిన వేరే నంబరు ఉంది. హైమవతి చెయ్యి తగిలేసరికి ఇంజన్ సిగ్గుపడి గుప్పెడు ఊక రాలుస్తుంది.

"ఇది రైసుమిల్లు డీజిల్ ఇంజను కదా! పుట్టు ఇంజనేదీ?"

"ఇల్లరికం వెళ్ళాడుగా," అంటుంది రాజామణి, ఊరంతా ఎరిగిన సంగతే అన్నట్టు. "ఆయనకి పెట్రోలు పోయలేకపోయాం. రేవులో పోలయ్య సంబంధం వస్తే ఇచ్చేశాం. ఏరు దాటించే పంటు లాగుతున్నాడు. తర్వాత ఈయన్ని తెచ్చుకున్నాం."

"మరి ఆయన పలక ఈయన మెళ్ళో ఎందుకుంది?"

"మీ అన్నయ్యే కట్టారు."

"మా పనిలో దీన్ని దొంగ నంబరంటారు వదినా."

"మీ ఇంట్లో దీన్ని ఆచారం అంటారు." రాజామణి జాకెట్టులోంచి దారం పైకి లాగుతుంది. దారానికి వెండి బిళ్ళ. బిళ్ళ మీద చిన్న ఆడమనిషి ముఖం. అన్నయ్య మొదటి భార్య అనసూయ ముఖం అది. ఆవిడ పోయాక రెండో పెళ్ళిగా రాజామణి వచ్చినప్పుడు, ఆ ఇంటి పద్ధతి ప్రకారం మెళ్ళో వేశారు. ఏ పండక్కైనా పసుపూ పువ్వూ ముందు బిళ్ళకి పెట్టి, తర్వాతే రాజామణి పెట్టుకోవాలి. మనిషి ఇంత తగ్గినా బిళ్ళ తగ్గలేదు. ఇప్పుడది ఆవిడ గుండె మీద పళ్ళెంలా ఉంది.

హైమవతి చూపు తిప్పుకుని కాగితం మీద పెడుతుంది. పుట్టు ఇంజన్ లేని బండికి సగమే కట్టాలన్నది వాళ్ళ వృత్తిలో పాత నియమం. నియమం నియమమే. సగం అని రాస్తుంది.

బండి సగం అవుతుంది. ముక్కు నుంచి తోక దాకా కుడివైపంతా లేదు. అమెరికా బండి కాబట్టి ఎడమవైపున్న రాజామణి దాదాపుగా మిగిలింది.

"నా కుడి చెయ్యేదే?" అని అడుగుతుంది.

హైమవతి రాసినదాన్ని గబగబా కొట్టేస్తుంది. కుడిపక్కా కుడిచెయ్యీ తిరిగొస్తాయి గానీ, ఈ గందరగోళంలో బండి పీటంత అయిపోయింది. రాజామణి గొంతు పీలగా వస్తోంది.

"రెండోదానికి సగమేనన్నమాట," అంటుంది ఆ గొంతు.

"ఆ మాట అనకు వదినా. పుట్టు ఇంజన్నే తీసుకొస్తాను. ఊరందరూ చూస్తుండగా పెట్టించి, మొత్తం వెల కడతాను. నేనొచ్చేదాకా ఊపిరి గట్టిగా పీల్చుకుని ఉండు."

"వచ్చేటప్పుడు తమలపాకులు పట్రా," అంటుంది రాజామణి. "చిన్నవి."

రేవు దగ్గరే. పరిగెత్తితే చిటికెలో వెళ్ళిపోవచ్చు. కానీ ఆ వీధిలో ఊరేగింపులు నడిచి నడిచి రోడ్డుకి ఆ నడకే ఒంటబట్టింది. హైమవతి ఎంత పరిగెత్తినా బ్యాండు అడుగులే పడతాయి. కనపడని మేళం ముందు వాయిస్తూ పోతోంది. క్లారినెట్టు అతను పాటని సాగదీస్తుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. గుమ్మం గుమ్మానికీ ఎవరో ఒకరు హారతిపళ్ళెంతో ఎదురొచ్చి ఆపుతారు. తను పెళ్ళికొడుకుని కానని చెబితే, "అందరూ అలాగే అంటారమ్మా," అని నవ్వి బొట్టు పెడతారు. ఆవిడ ప్రతి హారతికీ దణ్ణం పెట్టి, కాలు ఆపకుండా ముందుకే నడుస్తుంది. నుదుటన చోటు చాలక బొట్లు చెంపల మీదకొస్తాయి. తుడుచుకునే తీరిక లేదు.

రేవులో పంటు కదలకుండా నిలబడి ఉంది. గోదావరి దాని కింద నుంచి జరుగుతోంది. అవతలి గట్టు జనాన్నీ సైకిళ్ళనీ మోసుకుంటూ ఇవతలికి వచ్చి, వాళ్ళని దింపి, మళ్ళీ వెనక్కి వెళుతోంది. పంటు మధ్యలో పడక కుర్చీ. కుర్చీలో జరీ కండువా వేసుకుని పుట్టు ఇంజన్ కూర్చుని ఉన్నాడు. ఎనిమిది సిలిండర్లూ కడిగిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఒంటి మీద నంబరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

హైమవతి పంటు ఎక్కగానే ఇంజన్‌కి మామగారైన పోలయ్య మజ్జిగ గ్లాసుతో ఎదురొస్తాడు.

"రండమ్మా, రండి. అల్లుడుగారి పుట్టింటోళ్ళు వచ్చేరా? ఏవే, చాప పరవండే!"

"కూర్చోడానికి రాలేదు పోలయ్యగారూ. మీ అల్లుణ్ణి ఒక్క పూటకి పంపించండి. వెల కట్టేసి పంపించేస్తాను."

"అల్లుణ్ణి పంపొచ్చండి. మరి గోదారో?" అంటాడు పోలయ్య. "ఈయన పడవని లాగడండి ఆయ్. మీరు చూత్తన్నారుగా, గోదారినే లాగుతాడు. ఈయనొత్తే ఎనకాల గోదారీ వత్తాది. మీ షెడ్డులో పట్టుద్దా?"

హైమవతి ఆలోచిస్తుంది. పట్టదు. షెడ్డు పొడుగు చాలదు.

"పోనీ ఆయన్నే అడగండి. పుట్టిన బండి మీద తన హక్కు ఉందంటాడో లేదంటాడో. ఆ మాట మీద నేను వెల కడతాను."

పోలయ్య వంగి కుర్చీ దగ్గర చెవి పెడతాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గుతాడు. గోదావరి ఒక గజం తుళ్ళిపడి సర్దుకుంటుంది.

"హక్కుల మాట తనకి తెలవదంటన్నాడండి. ఆ ఇంట్లోంచి వచ్చేసినప్పుడు నంబరు అక్కడే ఇడిసేసి వచ్చేడంట. అప్పట్నించీ ఒళ్ళు తేలిగ్గా ఉందంట. ఎంత బరువో ఇప్పుడు మోసేవోణ్ణి అడగమంటన్నాడు."

"మోసేవాడు ఎప్పుడూ ఏమీ చెప్పలేదే?"

పోలయ్య మళ్ళీ వంగుతాడు, మళ్ళీ లేస్తాడు. ఈసారి కొంచెం మొహమాటపడతాడు.

"మీరెప్పుడైనా అడిగేరా అంటన్నాడండి."

హైమవతి మజ్జిగ ముట్టకుండానే గ్లాసు తిరిగిచ్చేస్తుంది. తను అడగలేదు. పొద్దున్నించీ లేనివాడి వెంటే తిరిగింది. రైసుమిల్లు నుంచి వచ్చి, మరొకడి నంబరు మెళ్ళో వేసుకుని, ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళూ నోరెత్తకుండా లాగినవాణ్ణి ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. పొద్దు కొబ్బరిచెట్ల తలలకి దిగుతోంది.

"నేను వెంటనే వెళ్ళాలి పోలయ్యగారూ. ఆ రోడ్డు నన్ను పరిగెత్తనివ్వదు."

"మీరెందుకండి ఎల్లడం? ఇక్కడే నిలబడండి. మా అల్లుడు దింపుతాడు."

ఇంజన్ కండువా సర్దుకుని ఒక్క ఊపు లాగుతాడు. రేవు పంటు కిందకి జరుగుతుంది. దాని వెనక చేపల సంత, హారతిపళ్ళేలు పట్టుకుని నిలబడిన వీధి, దర్జీ కొట్టు, వినాయకుడి గుడి ఒకదాని వెంట ఒకటి వచ్చి వెళ్ళిపోతాయి. తమలపాకుల బడ్డీ దాటుతున్నప్పుడు హైమవతి చెయ్యి చాచి అన్నిటికంటే చిన్న ఆకులు రెండు అందుకుంటుంది. షెడ్డు గుమ్మం వచ్చాక దిగుతుంది.

షెడ్డులో బండి కనపడదు. నేల మీద వెండి బిళ్ళ బోర్లా పడి ఉంది.

హైమవతి మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనిస్తుంది. బిళ్ళ కింద నుంచి చీమ కదిలినంత చప్పుడు. డీజిల్ ఇంజన్ తిరుగుతున్న చప్పుడు అది. దాంట్లో మనిషి గొంతు కూడా ఉంది.

"మొయ్యలేకుండా ఉన్నానే," అంటోంది ఆ గొంతు.

ఇన్నేళ్ళలో వదిన నోట ఈ మాట వినడం ఇదే మొదలు. హైమవతి బిళ్ళని గోటితో ఎత్తబోతుంది. రాదు. రెండు చేతులూ పెట్టి పళ్ళు బిగించి లాగుతుంది. తిరగలి రాయిలా కదలకుండా ఉంది. ఎందుకు కదలదో ఆవిడకి తెలుసు. పెళ్ళినాడు ఆ బిళ్ళని దారానికి గుచ్చి ముడి వేసింది ఆడపడుచైన తనే. ఎవరు వేసిన ముడి వాళ్ళే విప్పాలి. ఊరికే విప్పితే చాలదు, మొదటావిడకి ఇంకో చోటు చూపించాలి.

"పెద్దొదినా," అంటుంది బిళ్ళతో, పొలిమేరలో ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా. "నువ్వంటే నాకు ప్రాణం. నిన్ను మర్చిపోలేక ఈవిడ మెళ్ళో వేలాడదీశాను. అది నా బరువు. ఇక నా దగ్గర ఉందువుగాని, రా."

ముడి తనంతట తనే సడలుతుంది. హైమవతి బిళ్ళని తీసి తన మెళ్ళో వేసుకుంటుంది. మెడ వంగిపోతుంది. ఒక్క నిమిషం కళ్ళు బైర్లు కమ్ముతాయి. మళ్ళీ మెడ ఎత్తుతుంది. ఎత్తగలిగినందుకు ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి.

బిళ్ళ ఉన్నచోట కందిగింజంత బండి. హైమవతి జడలోంచి పిన్ను తీసి, ఊపిరి బిగబట్టి, కనీ కనపడని ఇంజన్ మీదున్న పసుపుతాడుని తెంపుతుంది. ఇత్తడి పలక ఊడి కింద పడుతుంది. తర్వాత ముఖం బాగా దగ్గర పెట్టి, "నీ నంబరు చెప్పు నాయనా," అని అడుగుతుంది.

ఇంజన్ చెబుతుంది. గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది. ఎవరూ అడగని నంబరు కాబట్టి మధ్యలో ఒకసారి తడబడి మళ్ళీ మొదటి నుంచీ చెబుతుంది.

ఆవిడ రాస్తుంది. ఈ బండికి ఇంజన్ ఉంది. ఈ ఇంటిదే. దీని నంబరు ఇది. పెళ్ళికొడుకులని మోసింది ఇదే. ఆ కింద మొత్తం వెల వేసి, సంతకం పెట్టి, కళ్ళు మూసుకోకుండా చూస్తుంది. అబద్ధమైతే ఎక్కడో చోట పగులు రావాలి.

బండి పీటంత అవుతుంది, ఎడ్లబండంత అవుతుంది, షెడ్డు నిండా అవుతుంది. అక్కడ ఆగుతుంది. హైమవతి చుట్టూ తిరిగి చూస్తుంది. బంపరు దగ్గర నుంచి వెనక దీపాల దాకా ఒక్క గీత కూడా లేదు.

"చూశావా వదినా!" అని తలుపు తీస్తుంది.

డ్రైవరు సీటు మీద రాజామణి కందిగింజంతే ఉంది.

"బండికి కట్టావు, బాగానే ఉంది," అంటుంది రాజామణి. "నా సంగతేంటే?"

హైమవతి సీటు మీదికి వంగి చూస్తుంది. నిజమే. సీటులో కూర్చున్నంత మాత్రాన మనిషి బండి లెక్కలో పడదు. మనిషికి వెల కట్టడం ఆవిడ ఎన్నడూ చేయలేదు, ఎవరైనా చేయగా చూడలేదు కూడా. బయట ఎండ ఎర్రబడి షెడ్డు గుమ్మం మీద బెత్తెడు మిగిలింది. భయం వేస్తుంది, కానీ కలం కింద పెట్టదు.

"రాజామణీ," అంటుంది. వదినా అనకుండా పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో ఇదే మొదలు. "నీకు కట్టకుండా ఇక్కణ్ణించి లేవను."

ఒక అంకె వేస్తుంది. రాజామణి బొటనవేలంత అవుతుంది. పక్కన సున్న చుడుతుంది. జానెడు. ఇంకో సున్న. బడిపిల్లంత. ఇంకోటి చుట్టగానే రాజామణి రాజామణంత అయి, సీటులో సర్దుకుని కూర్చుని, హైమవతి చేతిలోంచి తమలపాకులు లాక్కుని నోట్లో వేసుకుంటుంది. ఇక్కడ ఆగొచ్చు. ఎవరైనా ఆగుతారు.

హైమవతి ఆగదు. లెక్క ఇంకా నిజం దాకా రాలేదని ఆవిడ చేతికి తెలుస్తోంది. ఇంకో సున్న చుట్టి పగులు కోసం చూస్తుంది. రాజామణి తల షెడ్డు రేకుల్ని పక్కకి తోస్తుంది గానీ, ఒంటి మీద ఎక్కడా పగులు లేదు. ఇంకోటి. లేదు. కాగితం అయిపోతుంది. హైమవతి బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద రాస్తుంది. గోడ అయిపోతే రోడ్డు మీద వంగి, చీర కుచ్చిళ్ళు మట్టిలో ఈడ్చుకుంటూ, రాస్తూ వెనక్కి నడుస్తుంది. ఇప్పుడు రోడ్డు ఆవిడ్ని పరిగెత్తనిస్తోంది.

గోదావరి గట్టు దగ్గరికొచ్చేసరికి సూర్యుడు మునిగిపోతాడు. హైమవతి బొగ్గు పట్టుకుని అలాగే ఉండిపోతుంది. గడువు దాటిపోయింది.

"ఎందుకాపావే?" రాజామణి గొంతు కొబ్బరితోటల పైనుంచి వస్తుంది. ఆవిడ ముఖం మీద ఇంకా ఎండ పడుతోంది. "నాకింకా కనపడుతున్నాడు. నువ్వు రాయి."

హైమవతి నీళ్ళ వైపు చూస్తుంది. గోదావరి నిద్రలో ఉన్న మనిషిలా మెల్లగా అటువైపు ఒత్తిగిలి, ఇటు పక్కన రాసుకోవడానికి చోటు ఇస్తుంది.